'గట్టి' అన్నచోటల్లా స్ట్రాంగ్ అనొచ్చా?

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు తెలుగు పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. తెలుగు 'గట్టి', ఒడియా 'టాణ' రెండూ బలానికీ, మెత్తగా లేకపోవడానికీ సరిపోతాయి. ఇంగ్లీషు వాటిని విడదీస్తుంది. అందుకే స్ట్రాంగ్ దగ్గర తప్పు దొర్లుతుంది.

ముందు ఎదురుమాట తెలుగులో వెతకండి. గట్టి తాడుకు ఎదురు బలంలేని తాడు, కాబట్టి స్ట్రాంగ్ రోప్. గట్టి నేలకు మెత్తటి నేల: హార్డ్. గట్టి మూతకు వదులు మూత: టైట్. గట్టి పెరుగుకు పలచటి పెరుగు: థిక్. 'గట్టిగా మాట్లాడకు' అన్నప్పుడు ఎదురుమాట 'మెల్లగా', అందుకని లౌడ్లీ, స్ట్రాంగ్లీ కాదు.

టీ దగ్గర ఈ పరీక్ష దారి తప్పిస్తుంది. పలచటి టీకి ఎదురని థిక్ టీ అంటే చిక్కటి పాలతో కాచినదనుకుంటారు. ఒడియా కొట్లో 'కడా చా' అనేదే స్ట్రాంగ్ టీ. పొడి తగ్గితే వీక్ టీ.

గాలి, వాన కంఠతా పట్టాల్సిందే. గాలి స్ట్రాంగ్, వాన హెవీ. తగ్గితే రెండూ లైట్. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే హెవీ, 204.4 దాటితే ఎక్స్‌ట్రీమ్లీ హెవీ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. అలాంటి రోజున ఇంగ్లీషు బులెటిన్‌లో ఏ మాట గాలిదో, ఏది వానదో ఇంట్లో ఒకరికైనా తెలియాలి.

ఆసుపత్రిలో భరించలేని నొప్పిని సివియర్ పెయిన్ అనండి, ఒళ్లు కాలిపోతుంటే హై ఫీవర్. స్ట్రాంగ్ మెడిసిన్ మాత్రం సరైన మాటే. జనం నోట నడిచే భాషకోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. ఇంగ్లీషు మాటనూ అలాగే, పక్కమాటతో జతగా, వాడుకలోనే పట్టుకోవాలి.

పలికేటప్పుడు 'ఇస్ట్రాంగ్' అని ముందు ఇ చేరుతుంది. 'స్‌స్‌' అని కాస్త సాగదీసి, ఆపకుండా ట్రాంగ్‌లోకి వెళ్లండి. చివరి గ్ విడిగా పలకదు, ధ్వని ముక్కులోనే ఆగుతుంది. స్ట్రాంగర్, స్ట్రాంగెస్ట్‌లలో మాత్రం గ్ పలుకుతుంది. మోర్ స్ట్రాంగ్ అనకండి. 'ఒంట్లో బలం లేదు' అనాలంటే నామవాచకం కావాలి: ఐ హావ్ నో స్ట్రెంత్.

పేపర్లో '50-స్ట్రాంగ్ టీమ్' అని కనిపిస్తే అది బలాన్ని మెచ్చుకోవడం కాదు, జట్టులో 50 మంది ఉన్నారని.