పెద్ద భవనాల్లో గాలి ఫిల్టర్లు, వెంటిలేషన్ మెయింటెనెన్స్ ఎలా చేయాలి?

ఫిల్టరు నల్లబడితే మార్చాలని కొందరు, మూణ్ణెల్లకోసారి మార్చాలని మరికొందరు చెబుతుంటారు. రెండూ సగం నిజాలే. తెల్లగా కనిపించే ఫిల్టరు ఒక్క వానకు తడిసి పనికిరాకుండా పోయి ఉండొచ్చు. మసిబారినట్టున్నది ఇంకా కొన్నాళ్లు నిక్షేపంగా పనిచేయొచ్చు. గాజు నారతో చేసిన ఫిల్టర్లయితే, అప్పటికే పట్టిన దుమ్ము కొత్తగా వచ్చే రేణువులకు అడ్డుపడుతుంది కాబట్టి, వాడేకొద్దీ ఇంకాస్త బాగానే వడగడతాయి. స్టాటిక్ చార్జితో దుమ్మును పట్టుకునే సింథటిక్ ఫిల్టర్ల సంగతి వేరు. ఆ చార్జి తగ్గేకొద్దీ సన్నని రేణువుల మీద వాటి పట్టు సడలుతుంది. అందుకే రంగునూ క్యాలెండర్‌నూ నమ్ముకోకుండా కొలిచి నిర్ణయించడం నేర్చుకోవాలి.

మొదట భవనమంతా ఒక చుట్టు తిరగండి

నోటు పుస్తకం తీసుకుని ప్రతి ఏహెచ్‌యూ (గాలిని వడగట్టి, చల్లబరిచి గదుల్లోకి పంపే యూనిట్) దగ్గరికీ వెళ్లండి. ఫిల్టర్లు ఎన్ని, ఏ సైజు, ఏ గ్రేడు, బెల్టు మీద ఏ నంబరు ఉంది, ఫ్రెష్ ఎయిర్ డాంపర్ (బయటి గాలిని రానిచ్చే, ఆపే రెక్కల తలుపు) ఎక్కడుంది అన్నవి రాసుకోండి. టాయిలెట్లు, వంటగది, పార్కింగ్‌లోని ఎగ్జాస్ట్ ఫ్యాన్లను కూడా లెక్కలోకి తీసుకోండి. చాలా భవనాల్లో వీటిని ఎవరూ పట్టించుకోరు.

బయటి గాలి లోపలికి వచ్చే జాలీని ప్రత్యేకంగా చూడండి. దగ్గర్లో జనరేటర్ పొగ గొట్టం, చెత్త గది, టాయిలెట్ ఎగ్జాస్ట్ ఉంటే ఎంత ఖరీదైన ఫిల్టరు పెట్టినా వాసన ఆగదు, ఎందుకంటే మామూలు ఫిల్టర్లు దుమ్మును ఆపుతాయే తప్ప వాయువులను ఆపలేవు. కూలింగ్ టవర్ తుంపర అటు కొట్టుకొస్తుంటే ఇంకా ప్రమాదం. 1976లో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవాళ్లు అంతుపట్టని న్యుమోనియాతో పడిపోయారు. దానికి కారణమైన బాక్టీరియాను మరుసటి ఏడాది ప్రకటించారు, తర్వాత దానికి లీజియోనెల్లా అని పేరు పెట్టారు. కూలింగ్ టవర్ నీటిని శుద్ధి చేయడం ఈ వ్యాసం పరిధిలోది కాదు గానీ, ఆ తుంపర గాలి జాలీ వైపు వస్తోందా లేదా అన్నది మాత్రం మీరే చూసుకోవాలి.

తలుపు తెరిచే ముందు

ఐసోలేటర్ (యూనిట్‌కు కరెంటును పూర్తిగా తెంచే స్విచ్చి) ఆపి, తాళం వేసి, ‘పని జరుగుతోంది’ అన్న బోర్డు తగిలించండి. రిమోట్‌తోనో బీఎంఎస్ (భవనంలోని యంత్రాలను నడిపే కంప్యూటర్ వ్యవస్థ) స్క్రీన్ మీదో ఆపి లోపలికి చెయ్యి పెట్టకండి, టైమర్ దాన్ని ఎప్పుడైనా మళ్లీ నడిపించొచ్చు. ఆపిన తర్వాత కూడా బ్లోయరు (గాలిని నెట్టే ఫ్యాన్) కాసేపు తిరుగుతూనే ఉంటుంది. వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) ఉంటే దాని కెపాసిటర్లలో చార్జి మిగిలి ఉంటుంది కాబట్టి, దాని మీద రాసినంత సేపు ఆగండి. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. పాత ఫిల్టరును దులిపితే నెలల తరబడి చేరిన దుమ్మంతా మీ మొహం మీదే పడుతుంది.

గేజిని చదవడం

ఫిల్టరుకు ముందు, తర్వాత గాలి ఒత్తిడిలో ఉన్న తేడానే ప్రెషర్ డ్రాప్ అంటారు. మాగ్నహెలిక్ గేజి గానీ మానోమీటర్ గానీ దీన్ని చూపిస్తుంది. కొన్ని గేజిలు పాస్కళ్లలో, కొన్ని నీటి మట్టంలో చూపిస్తాయి. 25 మి.మీ. నీరంటే దాదాపు 245 పాస్కళ్లు.

ముందు ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడండి. లేకపోతే గేజి మీదున్న స్క్రూతో సరిచేయండి. కొత్త ఫిల్టరు వేసిన రోజే ఫ్యాన్ నడుస్తుండగా రీడింగు తీసి, ఫ్రేము పక్కన మార్కరుతో రాసిపెట్టండి. ఆ తర్వాత వారానికోసారి చూస్తే చాలు. ఎంత దాటితే మార్చాలో తయారీదారు డేటాషీట్ చెబుతుంది. అది దొరక్కపోతే, కొత్తప్పటి రీడింగుకు రెట్టింపయినప్పుడు మార్చడం చాలామంది పాటించే పద్ధతి. వీఎఫ్‌డీ ఉన్నచోట రీడింగు ఎప్పుడూ ఒకే వేగం దగ్గర తీసుకోవాలి. వేగం మారితే రీడింగూ మారుతుంది, పోలికకు అర్థముండదు.

రీడింగు పెరిగితే అందరూ గమనిస్తారు. అనుమానించాల్సింది తగ్గినప్పుడు. నిన్నటిదాకా 120 పాస్కళ్లు చూపిన ముల్లు ఇవాళ 60 చూపిస్తే ఫిల్టరు దానంతటది శుభ్రపడలేదు. చిరిగిందో, చట్రంలోంచి జారిందో, గేజి ట్యూబు ఊడిందో, ఫ్యాన్ బెల్టు జారుతోందో చూడాలి.

ఇంకొక భ్రమ కూడా ఉంది. ఫిల్టరు మూసుకుపోతే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుందని చాలామంది నమ్మకం. ఒకే వేగంతో తిరిగే సెంట్రిఫ్యూగల్ బ్లోయరులో జరిగేది సాధారణంగా దానికి వ్యతిరేకం: గాలి తగ్గుతుంది, దాంతో మోటారు లాగే ఆంపియర్లూ తగ్గుతాయి. కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల, రెక్కల అల్లిక) మీద గాలి చాలక గదులు చల్లబడవు, కొన్ని యూనిట్లలో కాయిల్ మీద మంచు కడుతుంది. ఆంప్ మీటర్ చూసి ‘అంతా బాగానే ఉంది’ అనుకుంటే మోసపోతారు. వీఎఫ్‌డీ గాలిని తగ్గనివ్వకుండా వేగం పెంచుకునే చోట మాత్రం బిల్లు నిజంగానే పెరుగుతుంది. ఫ్యాన్ వేగం 10 శాతం పెరిగితే విద్యుత్ వాడకం సుమారు 33 శాతం పెరుగుతుంది.

ఫిల్టరు మార్చడం

పాతదాన్ని తీసిన వెంటనే అక్కడే సంచిలో వేసి మూతి కట్టండి. ఖాళీ చట్రాన్ని వాక్యూమ్‌తో శుభ్రం చేయండి. కొత్తదాని మీదున్న బాణం గుర్తు గాలి వెళ్లే వైపు, అంటే కాయిల్, బ్లోయరు వైపు ఉండాలి. బ్యాగ్ ఫిల్టర్లను వాటి సంచులు నిలువుగా వేలాడేలా పెట్టండి. అడ్డంగా పెడితే బరువుకు వంగి ఒకదాన్నొకటి మూసేస్తాయి.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. నీరు పల్లమెరుగు అన్నట్టే, గాలి సందెరుగుతుంది. ఫిల్టరుకూ చట్రానికీ మధ్య వేలెడు సందున్నా గాలి అందులోంచే దూసుకుపోతుంది, పక్కనున్న మంచి ఫిల్టరు దండగవుతుంది. గ్యాస్కెట్ ఎండిపోతే మార్చండి, క్లిప్పులన్నీ బిగించండి, ఒక ఫిల్టరుకూ మరో ఫిల్టరుకూ మధ్య సందుంటే ఫోమ్ టేపుతో మూయండి. సరిపోని సైజును అట్టముక్కతో సర్దకండి. సందు ఎక్కడుందో కనిపెట్టాలంటే పాత చట్రం అంచుల్ని చూడండి. దుమ్ము చారలు గాలి దొంగదారిని చూపిస్తాయి.

అల్యూమినియం జాలీ ప్రీ-ఫిల్టర్లను కడగొచ్చు. దుమ్ము పట్టిన వైపుకు ఎదురు వైపు నుంచి నీళ్లు కొట్టి, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి. బ్యాగ్ ఫిల్టర్లనూ హెపా (అతి సన్నని రేణువుల్ని కూడా ఆపే) ఫిల్టర్లనూ కడగడం, గాలి కొట్టి దులపడం చేయకూడదు. జాలీవి తప్ప మిగతా ఫిల్టర్లు తడిస్తే గేజి ఏం చెప్పినా పారేయాల్సిందే.

పెద్ద గ్రేడు పెడితే మంచిదేనా?

మెర్వ్ అంటే ఫిల్టరు ఎంత బాగా వడగడుతుందో చెప్పే గ్రేడు. మెర్వ్ 13 ఫిల్టరు 0.3 నుంచి 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువుల్లో కనీసం 50 శాతం, 1 నుంచి 3 మైక్రాన్లలో 85 శాతం, 3 నుంచి 10 మైక్రాన్లలో 90 శాతం ఆపాలి. మెర్వ్ 8కి ఒక మైక్రాన్ లోపు రేణువుల విషయంలో ఏ కనీస పరిమితీ లేదు. 2016లో వచ్చిన ఐఎస్‌ఓ 16890 ప్రమాణంలో ఇలాంటి వర్గాలే ఈపీఎం1, ఈపీఎం2.5, ఈపీఎం10 పేర్లతో కనిపిస్తాయి. గ్రేడు పెంచడం మంచిదే, కానీ మీ బ్లోయరు ఆ అదనపు ఒత్తిడిని తట్టుకోగలదా అన్నది ముందు తేల్చుకోండి. మడతలు ఎక్కువగా ఉన్న లోతైన ఫిల్టరు తీసుకుంటే అదే గ్రేడులో ప్రెషర్ డ్రాప్ తక్కువగా ఉంటుంది. నన్నడిగితే, సందులున్న చట్రంలో మెర్వ్ 13 కంటే గట్టిగా మూసిన చట్రంలో ఒక గ్రేడు తక్కువదే మేలంటాను.

కాయిల్, ట్రే, డ్రెయిన్

కాయిల్ రెక్కల మీద దుమ్ము పేరుకుంటే అక్కడా గాలి ఆగుతుంది. మెత్తని బ్రష్షుతో రెక్కల వెంబడే తోమి, గాలి వచ్చే దిశకు ఎదురుగా తక్కువ ప్రెషర్‌తో నీళ్లు కొట్టండి. ప్రెషర్ వాషర్ పెడితే రెక్కలు మడతపడతాయి.

కింద నీళ్లు చేరే ట్రేను నెలకోసారి చూడండి. నాచు, జిగురు ఉంటే తుడిచేయండి. నీళ్లు నిలిచిపోతుంటే గొట్టంలో అడ్డుందేమో చూసి, ఆ తర్వాత ట్రాప్ (నీరు నిలిచి గాలిని అడ్డుకునే వంపు గొట్టం) లోతు కొలవండి. బ్లోయరు కాయిల్ తర్వాత ఉండే యూనిట్లలో లోపలి లాగుడు నీటిని బయటికి పోనివ్వదు. 500 పాస్కళ్ల లాగుడు సుమారు 50 మి.మీ. నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి ట్రాప్ అంతకంటే లోతుగా ఉండాలి. ఏసీ వాడని నెలల్లో ట్రాప్ ఎండిపోయి డ్రెయిన్ కంపు నేరుగా గదుల్లోకి వస్తుంది. ఒక మగ్గు నీళ్లు పోస్తే సరి.

బెల్టులు, బేరింగులు

బెల్టు మధ్యలో నొక్కితే, రెండు పుల్లీల మధ్య మీటరు దూరానికి సుమారు 16 మి.మీ. దిగాలి. రెండు మూడు బెల్టులుంటే ఒకటి తెగినా అన్నీ కలిపే మార్చండి. పుల్లీలు ఒకే వరసలో ఉన్నాయో లేదో దారం పట్టి చూడండి. బేరింగులకు గ్రీజు అతిగా కొట్టకండి, వేడెక్కుతాయి.

ఫ్రెష్ ఎయిర్, ఎగ్జాస్ట్

డాంపర్ తెరుచుకుందని స్క్రీన్ చెబితే నమ్మొద్దు, వెళ్లి రెక్కలు చూడండి. మోటారు తిరుగుతున్నా లింకు జారిపోయి రెక్కలు మూసే ఉండొచ్చు. బిల్లు తగ్గుతుందని ఎవరో చేత్తో మూసేసి ఉన్నా ఆశ్చర్యం లేదు.

గదిలోకి చాలినంత గాలి వస్తోందా అన్నదానికి సులువైన ఆనవాలు కార్బన్ డయాక్సైడ్. బయట సుమారు 420 పీపీఎం (గాలిలోని పది లక్షల భాగాల్లో 420) ఉంటుంది. జనం నిండిన మీటింగు గదిలో 1000 దాటి అక్కడే ఉంటోందంటే బయటి గాలి చాలడం లేదని అర్థం. ఆ వాయువు ఆ స్థాయిలో విషమని కాదు, మనుషులు వదిలిన గాలి బయటికి పోవడం లేదని అది చెబుతుంది. కొన్ని సెన్సర్లు గదిలో ఎప్పుడో ఒకప్పుడు బయటి స్థాయి వస్తుందనుకుని తమను తామే సరిచేసుకుంటాయి. 24 గంటలూ జనముండే భవనాల్లో ఇవి క్రమంగా తక్కువ చూపించడం మొదలుపెడతాయి. అప్పుడప్పుడు సెన్సర్‌ను ఆరుబయట పెట్టి పోల్చండి.

టాయిలెట్ ఎగ్జాస్ట్ గ్రిల్‌కు టిష్యూ కాగితం ఆనించండి. అంటుకోకపోతే ఫ్యాను ఆగిందో, బెల్టు తెగిందో, డక్టు ఊడిందో చూడాలి. భవనం ప్రధాన తలుపు కొద్దిగా తెరిచి ఇదే కాగితాన్ని సందు దగ్గర పట్టుకోండి. అది లోపలికి ఎగిరితే, ఎగ్జాస్ట్ ఎక్కువై బయటి దుమ్మును ఫిల్టరు లేని దారిలో లాక్కుంటున్నారన్నమాట. ఫ్రెష్ ఎయిర్ కాస్త పెంచి మళ్లీ చూడండి.

పనంతా అయ్యాక లోపల పనిముట్లు, గుడ్డలు మిగల్లేదని చూసుకుని, తలుపు రబ్బరు సరిగా కూర్చునేలా మూసి, తాళం తీసి నడిపించండి. పది నిమిషాలాగి కొత్త రీడింగు, తేదీ, మోటారు ఆంపియర్లు లాగ్ బుక్‌లో రాయండి. ‘శుభ్రం చేయబడినది, ఓకే’ అని మాత్రమే ఉన్న లాగ్ బుక్ వచ్చే నెల డ్యూటీకి వచ్చేవాడికి ఎందుకూ కొరగాదు, అంకె ఉండాలి.