దొంగ రివ్యూ పడితే ముందు బిల్లు పుస్తకం తీయండి

హైదరాబాద్‌లో విల్లా కట్టుకున్నవాళ్లయినా, బెంగళూరులో లేఅవుట్ వేసేవాళ్లయినా ఇప్పుడు మన నర్సరీల ఊరు కడియం వచ్చి మొక్కను తట్టి చూసే ముందు ఫోన్‌లో గూగుల్ రివ్యూల్లో మన స్టార్లు చూస్తున్నారండి. ఎవరో ఒక్క స్టారు ఇచ్చి "మోసం, చచ్చిన మొక్కలు పంపారు" అని రాస్తే, మన గేటుకే ఆ బోర్డు కట్టినట్టు. మా నర్సరీలో మొక్కల సంగతి మావయ్యగారిది. ఫోన్లు, బిల్లులు, గూగుల్ పేజీ నావి. తోటి నర్సరీ వాళ్లు అడుగుతున్నారు కాబట్టి నేను ఏం చేస్తానో రాస్తున్నాను.

మొదట తేల్చుకోవాల్సింది అది దొంగదా, నిజంగా నష్టపోయినవాళ్ల మాటా అని. మా బిల్లు మీద కొన్నవారి పేరు, నంబరు, ఊరు, మొక్క రకం, కవరు సైజు, లారీ నంబరు ఉంటాయి. లోడు ఎక్కించాక తాళ్లు కట్టకముందే ఫోటో తీసి కొన్నవారికి వాట్సాప్‌లో పంపుతాం. రివ్యూ చూడగానే ఇవి తీస్తాను. పేరు దొరకలేదని వెంటనే దొంగ అనేయకండి. బిల్లు భర్త పేరున ఉంటుంది, రివ్యూ భార్య ఫోన్ నుంచి వస్తుంది. కాంట్రాక్టరు కొంటాడు, ఇంటివాళ్లు రాస్తారు. కానీ నిజంగా కొన్నవాళ్లు ఎంత కోపంలో ఉన్నా ఏదో ఒక ఆనవాలు ఇస్తారు: మామిడి అంటు, వేరు దగ్గర మట్టి విడిపోవడం, లారీ రెండు రోజులు ఆలస్యం కావడం. అలాంటిదేమీ లేకుండా ఉత్త తిట్టు మాత్రమే ఉంటే రాసినవారి పేరు మీద నొక్కండి. మిగతా రివ్యూలు దాచుకోకపోతే కనిపిస్తాయి. ఒకే రోజున నాలుగు రాష్ట్రాల్లో దుకాణాలకి ఒక్కో స్టారు ఇచ్చుకుంటూ పోయిన ఖాతా అయితే అనుమానించాల్సిందే. సంక్రాంతి సెలవుల్లో పూలు చూడటానికి జనం వచ్చినప్పుడు రివ్యూలు గుంపుగా పడటం మామూలే. ఏ సందడీ లేని రోజున అర్ధరాత్రి వరసగా పడితే మాత్రం అది వేరే లెక్క.

మన దగ్గర ఇంకో చిక్కుంది. సత్యనారాయణస్వామి పేరున, వెంకటేశ్వరస్వామి పేరున ఎన్ని నర్సరీలో! పక్కవాళ్ల మీద కోపం మన పేజీలో పడుతుంది. అది దొంగ రివ్యూ కాదు, పేరు తికమక. మర్యాదగా చెబితే తీసేసేవాళ్లే ఎక్కువ. పేజీలో మన బోర్డు ఫోటో, మన నంబరు, మ్యాప్‌లో సరైన చోటు ఉంటే ఈ తికమక తగ్గుతుంది.

దొంగదని తేలాక మొదట స్క్రీన్‌షాట్ తీసి, రివ్యూ లింకు దాచుకోండి. తర్వాత రివ్యూ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి రిపోర్ట్ చేయండి. కారణం సరిగ్గా ఎంచుకోవడంలోనే ఉంది పనంతా. గూగుల్ మనకీ వాళ్లకీ మధ్య తీర్పు చెప్పదు. "మొక్కలు వాడిపోయి వచ్చాయి" అన్నది అబద్ధమైనా, అది కొన్నవారి అనుభవంలా కనిపిస్తే అలాగే ఉంచుతుంది. నియమం మీరితేనే తీస్తుంది. పోటీవాళ్లు రాసినా, పని మానేసినవాళ్లు ఆ కక్షతో రాసినా అది సొంత ప్రయోజనాల (కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్) కిందకి వస్తుంది. బూతులు, బెదిరింపులు, సంబంధం లేని గొడవలు వేరే కారణాలు. 2023లో ఇలా నియమాలు మీరిన రివ్యూలు 17 కోట్లకు పైగా ఆపామని, తీసేశామని గూగుల్ చెప్పుకుంది. అన్నిటిని జల్లెడ పట్టేది ఎక్కువగా యంత్రాలే కాబట్టి మన ఆవేదన కన్నా మనం ఎంచుకున్న కారణమే అక్కడ పనిచేస్తుంది. రిపోర్ట్ ఏమైందో రివ్యూల మేనేజ్‌మెంట్ టూల్‌లో చూసుకోవచ్చు. కాదంటే ఒక్కసారి అప్పీలు చేసుకోవచ్చు, అందుకని ఆధారాలన్నీ చేతిలో పెట్టుకుని చేయండి.

ఈలోగా బదులు రాయాలి. అది రాసినవాడి కోసం కాదు, రేపు లోడు చెప్పబోయే మనిషి చదవడానికి. నేను ఇలా రాస్తాను: "నమస్తే అండి. మీ పేరుతో మా బిల్లుల్లో ఆర్డరు కనిపించలేదు. బిల్లు నంబరు గానీ లారీ నంబరు గానీ మా ఫోన్‌కి పంపితే ఈరోజే చూస్తాం." అంతే. "నువ్వు ఫలానా నర్సరీ మనిషివి" అని అక్కడ రాయొద్దు. రాసినవారి నంబరు, అడ్రసు అసలు బయట పెట్టొద్దు. తప్పు మనదే అని బిల్లు చెబితే అదే చోట ఒప్పుకుని మొక్కలు మళ్లీ పంపండి. నిజమైన ఫిర్యాదుని దొంగదని రిపోర్ట్ చేయడం నాకు నచ్చదు, అది కొన్నవారికి చేసే అన్యాయం.

దొంగ రివ్యూ దెబ్బ ఎంతన్నది మనకి ముందున్న మంచి రివ్యూలను బట్టి ఉంటుంది. అయిదు స్టార్ల రివ్యూలు 20 ఉన్నచోట ఒక్క స్టారువి 5 పడితే సగటు 4.2కి దిగుతుంది. అవే 200 ఉంటే 4.9 దగ్గర నిలబడుతుంది. అందుకే లోడు దిగిన రోజున కాదు, మొక్క కొత్త చిగురు వేశాక ఫోన్ చేసి, ఎలా ఉన్నాయో కనుక్కుని, రివ్యూ లింకు పంపండి. కొన్నవాళ్లందరికీ పంపండి, సంతోషంగా ఉన్నవాళ్లకే కాదు. రివ్యూ రాస్తే కుండీ ఉచితం, డిస్కౌంటు అనడం గూగుల్ నియమాలకి విరుద్ధం. డబ్బిచ్చి రివ్యూలు కొనే ఏజెంట్లను గేటు దగ్గరే పంపేయండి. మన దేశంలో ఆన్‌లైన్ రివ్యూలు ఎలా సేకరించాలో, ఎలా చూపించాలో చెప్పే ఐఎస్ 19000 అనే ప్రమాణం కూడా 2022లో వచ్చింది.

అన్నిటికన్నా చెడ్డది, వరసగా ఒక్క స్టార్లు వేసి "ఇంత పంపితే తీసేస్తాం" అని వాట్సాప్‌లో అడగడం. పైసా పంపొద్దు, తిట్టొద్దు, చాట్ చెరపొద్దు. ఇలాంటి బెదిరింపులకి గూగుల్‌లో వేరే ఫారం ఉంది, అది నింపండి. భారతీయ న్యాయ సంహితలో బెదిరించి డబ్బు గుంజడం 308వ సెక్షన్, పరువునష్టం 356వ సెక్షన్. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఇంట్లో ఎవరైనా భయపడి అప్పటికే డబ్బు పంపేసి ఉంటే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. స్టేషన్‌కి వెళితే రివ్యూల స్క్రీన్‌షాట్లు, ఆ చాట్, అడిగినవాడి నంబరు, యూపీఐ ఐడీ ప్రింటు తీయించుకుని రెండు సెట్లు పట్టుకెళ్లండి.