స్కైడైవింగ్ వేళ కంట్రోలర్ పని - 3వ పాఠం: స్క్రీన్ మీద లేని మనిషి

గత పాఠంలో రేడియో మాటల వరస నేర్చుకున్నాం. అమెరికా నిబంధనల ప్రకారం జంప్ విమానం పైలట్, మనుషులు దూకడానికి కనీసం 5 నిమిషాల ముందే కంట్రోలర్‌తో (నేల మీది నుంచి రాడార్ స్క్రీన్ చూస్తూ విమానాలకు దారి చెప్పే వ్యక్తితో) మాట్లాడి ఉండాలి. ఆ తర్వాత వచ్చేది "ఇంకో నిమిషంలో దూకుతున్నారు" అనే కబురు. అది వినగానే కళ్లు ఎక్కడికి పోవాలన్నదే ఈ పాఠం.

కొత్తవాళ్లు జంప్ విమానం కిందే చూస్తారు. అక్కడ ఖాళీగా ఉంటే చాలనుకుంటారు. మనిషికి ట్రాన్స్‌పాండర్ (విమానం తానెక్కడుందో రాడార్‌కు తెలిపే పరికరం) ఉండదు కదా! తలుపు దాటాక అతన్ని స్క్రీన్ మీద వెతికి లాభం లేదు, లెక్క కట్టాల్సిందే.

కట్టి చూద్దాం. 13,000 అడుగుల నుంచి దూకాడు. మొదటి 1,000 అడుగులకు దాదాపు 10 సెకన్లు పడుతుంది. ఆ తర్వాత బోర్లా పడుతున్న మనిషి వేగం గంటకు 120 మైళ్లు, అంటే సెకనుకు 176 అడుగులు. 6,000 అడుగుల ఎత్తుకు దిగేసరికి మొత్తం 45 సెకన్లు. అదే ఎత్తులో ఒక విమానం 180 నాట్ల వేగంతో డ్రాప్ జోన్ (స్కైడైవర్లు దూకి దిగే చోటు) వైపు వస్తోందనుకోండి. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, కాబట్టి అది నిమిషానికి 3 నాటికల్ మైళ్లు పోతుంది (ఇక్కడి నుంచి మైలంటే నాటికల్ మైలే). 45 సెకన్లలో రెండుంపావు.

అంటే దూకే క్షణానికి సరిగ్గా కింద ఉన్న విమానం ఈలోగా దాటిపోతుంది. గండం రెండుంపావు మైళ్ల అవతల, ఏమీ ఎరగనట్టు వస్తున్న దానితోనే. పైగా అందరూ ఒకేసారి దూకరు. గుంపు గుంపుకీ మధ్య కొన్ని సెకన్లు ఆగుతారు. చివరివాడు ఒక నిమిషం ఆలస్యంగా దూకితే, అతనికి ఎదురయ్యేది 5.25 మైళ్ల దూరంలో ఉన్న విమానం. గాలిని మరిచిపోవద్దు. 30 నాట్ల గాలి నిమిషానికి అర మైలు పక్కకు తోసేస్తుంది. అందుకే నేనైతే ఈ ఉదాహరణలో 7 మైళ్ల దాకా చూస్తాను.

ఎవర్ని ఆపాలి? దూకకముందైతే ఇద్దరిలో ఎవరినైనా. దూకాక మాత్రం పక్కకు తిప్పగలిగేది ఆ విమానాన్నే. కాబట్టి అనుమానం ఉంటే జంప్ విమానాన్ని ఇంకో చుట్టు తిరగమనండి. పైలట్ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

ఈ లెక్కంతా జంప్ విమానం ఎక్కడుందో మీకు సరిగ్గా తెలిసినప్పుడే పనికొస్తుంది. 1967 ఆగస్టు 27న ఓహియోలో ఒక బీ-25 విమానం నుంచి దాదాపు 20,000 అడుగుల ఎత్తులో, మేఘాల పైనుంచి దూకారు. కంట్రోలర్ ఇంకో విమానం చుక్కను బీ-25 అనుకుని స్థానం చెప్పాడు. మేఘం దాటి చూస్తే కింద ఈరీ సరస్సు. 16 మంది మునిగిపోయారు, ఇద్దరే బతికారు. మేఘాల మీద నుంచి దూకడం వాళ్ల తప్పే. అయినా చుక్కను గుర్తించే పని మనది.

ఇంకో చిన్న మాట. జంప్ విమానం చాలాసార్లు పారాచూట్ల కంటే ముందే నేల మీదకు వచ్చేస్తుంది. అది దిగింది కదా అని ఆకాశం తెరిచేయకండి. పారాచూట్ విచ్చుకున్నాక కూడా దిగడానికి ఐదారు నిమిషాలు పట్టొచ్చు.

అభ్యాసం: అదే 13,000 అడుగులు. ఎదురొచ్చే విమానం 9,000 అడుగుల్లో, 240 నాట్లతో వస్తోంది. మొదటివాడికీ, నిమిషం తర్వాత దూకే చివరివాడికీ ఎంతెంత దూరంలో ఉన్న విమానం గండం? కాగితం మీద వేసి చూడండి. జవాబు 4వ పాఠం మొదట్లో.