బోరు గదిలో వింత: చేత్తో చేసిన బొమ్మలతో స్టాప్‌మోషన్ హారర్ గేమ్ చేసే పద్ధతి

బొమ్మను కాస్త కాస్త జరుపుతూ ఒక్కో ఫొటో తీసి, వాటిని వరుసగా ఆడించడమే స్టాప్‌మోషన్. దాంతో చేసే గేమ్‌కు పది నిమిషాల ఆట చాలు. అంతకంటే పెద్దది ఎత్తుకుంటే సగంలో ఆగిపోతుంది, ఎందుకంటే తెర మీద ఒక్క సెకను కదలికకు 12 ఫొటోలు తీయాలి. కాబట్టి బొమ్మ ముట్టుకోకముందే లెక్క రాసుకోండి. ఒక మనిషి, ఒక వింత (భయపెట్టే రూపం), మూడు చోట్లు. మనిషి నడకకు 8 ఫ్రేములు (ఒక్కో ఫొటో ఒక్కో ఫ్రేము), ఊరికే నిలబడటానికి 6, చేయి చాపి బటన్ నొక్కడానికి 10, వెనక్కి తిరిగి చూడటానికి 12. వింతకు 40, వస్తువులకు 60. మొత్తం 136. దీన్ని 150 దాటనివ్వద్దు.

ఉదాహరణకు ఒక కథ పట్టుకుందాం. అర్ధరాత్రి ఒక రైతు పొలం కాడ మోటరు వేయడానికి పోతాడు. స్టార్టర్ నొక్కితే పైపులోంచి నీళ్లకు బదులు వెంట్రుకలు వస్తాయి. ఎర్ర బటన్ నొక్కినా ఆగవు. దేవరకొండ, కల్వకుర్తి దిక్కు ఆ గది ఎట్లుంటదో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. బాగా తెలిసిన చోటైతేనే చిన్న తేడా కూడా ఒళ్లు జలదరింపజేస్తుంది.

వింత రూపం గురించి ఒక మాట. వంకర కాళ్లు, వంగిన నడుము చూపించి భయపెట్టడం హారర్‌కు పాత అలవాటు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగినోళ్లు మర్రిగూడ, మునుగోడు వైపు మన మధ్యనే ఉన్నారు. వాళ్ల శరీరాన్ని దయ్యం చేయొద్దు. పైపు, తీగ, వెంట్రుకలు, ఇవి చాలు.

బొమ్మ కట్టడం

ఎత్తు 19 సెంటీమీటర్లు పెట్టుకోండి. ఎముకలకు 1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ కావాలి. మోటరు వైండింగ్ షాపుల్లో అడిగి చూడండి. అక్కడ రాగి తీగే ఎక్కువ కనబడుతుంది గానీ అది వద్దు, వంచేకొద్దీ గట్టిపడి మొండికేస్తుంది. సెంట్రింగ్ వాళ్లు వాడే కట్టు తీగ కూడా వద్దు. వంచి వదిలితే కాస్త వెనక్కి వస్తుంది, ఆ కాస్తా ఫొటోలో కనబడుతుంది.

మీటరు తీగను సగానికి మడిచి, మడత వైపు కొక్కేనికి తగిలించి, రెండో కొస డ్రిల్లు మిషన్‌కు బిగించి నెమ్మదిగా తిప్పండి. అంగుళానికి మూడు నాలుగు మెలికలు సరిపోతాయి. బిగువుగా తిప్పితే తీగ పెళుసెక్కి మోకాలి దగ్గర విరుగుతుంది. తర్వాత కీళ్ల మధ్య ఉండే భాగాలకు ఎం-సీల్ పట్టించాలి. దాని రెండు ముద్దలూ సమంగా, రంగు ఒక్కటయ్యేదాకా కలపండి. మోచేయి, మోకాలు, నడుము, మెడ దగ్గర ఒక సెంటీమీటరు తీగ ఖాళీగా వదలండి. ఒక రాత్రంతా ఆరనివ్వండి. పైకి గట్టిగా ఉందని తొందరపడి వంచితే లోపల తీగ మీది నుంచి ఊడి గిర్రున తిరుగుతుంది.

అరికాళ్లలో 4 మిల్లీమీటర్ల నట్టు పెట్టి ఎం-సీల్‌తో మూయండి. సెట్టు అడుగు 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే, కింద నుంచి బోల్టు వేసి కాలు బిగించొచ్చు. ఈ పని చేయనోళ్ల బొమ్మ ఒంటికాలి మీద నిలబడదు. ఒంటికాలి మీద నిలబడకపోతే నడవనూ లేదు.

తల బంకమట్టితో చేస్తే బరువుకు మెడ వాలుతుంది, పైగా ఆరినాక పగుళ్లు వస్తాయి. చేర్యాల బొమ్మల వాళ్లు వాడే చింతగింజల జిగురు, రంపపు పొట్టు దీనికి సరిగ్గా సరిపోతాయి. గింజలు రాత్రి నానబెట్టి, రుబ్బి, నీళ్లతో ఉడికిస్తే చిక్కటి జిగురు వస్తుంది. జల్లించిన పొట్టును అందులో చపాతీ పిండిలా కలిపి థర్మకోల్ ఉండ మీద 4 మిల్లీమీటర్ల మందాన అద్దండి. నీడలోనే ఆరబెట్టాలి, ఎండలో పెడితే పైన ఆరి లోన తడి మిగిలి నెర్రెలు విచ్చుతుంది. కనురెప్పలు, పెదాలు మాత్రం ఆరని నూనె మట్టితో, అంటే పిల్లలు ఆడుకునే క్లేతో చేస్తే ఫ్రేముకు ఫ్రేముకు మార్చుకోవచ్చు. బట్టలకు టైలరు దగ్గరి పీలికలు చాలు. నారాయణపేట చీర అంచు ముక్క బాగుంటుంది గానీ మరీ సన్న గళ్లు వద్దు, ఫొటో చిన్నది చేసినప్పుడు గళ్లు అలలు అలలుగా మెరుస్తాయి.

వెలుగు, కెమెరా

మొదటిసారి తీసిన ఫొటోలు ఎక్కువగా పాడయ్యేది బొమ్మ వల్ల కాదు, వెలుగు వల్ల. పక్క చేనులో మోటరు వేయగానే వోల్టేజీ పడి బల్బు కాస్త మసకబారుతుంది. కంటికి ఆనదు, వరుసగా ఆడించినప్పుడు మాత్రం తెర మిణుకుమంటుంది. అందుకే ఇంటి కరెంటు వద్దు. యూఎస్‌బీ ఎల్‌ఈడీ లైట్లు రెండు, పవర్ బ్యాంకు ఒకటి. ఒక లైటు ప్రధానం. రెండోది తెల్ల చార్టు మీద పడి తిరిగొచ్చే మెత్తని వెలుగు. తప్పక ఇంటి బల్బే వాడాల్సి వస్తే షట్టరు, అంటే ఫొటోకు వెలుగు పడే సమయం, సెకనులో 1/100, 1/50, 1/25లలో ఒకటి పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, బల్బు సెకనుకు 100 సార్లు ఎగసి తగ్గుతుంది. షట్టరు ఆ లెక్కకు కుదిరితే ప్రతి ఫొటోకూ సమానమైన వెలుగు అందుతుంది. వోల్టేజీ పడితే మాత్రం ఇది కూడా కాపాడదు.

కెమెరాగా ఫోను చాలు. ఓపెన్ కెమెరా లాంటి యాప్‌లో ఐఎస్ఓ 100, షట్టరు 1/25, వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్, ఫోకస్ చేత్తో బిగించండి. ఫోను ఈ అంకెలు పెట్టనివ్వకపోతే ఎక్స్‌పోజరును, ఫోకస్‌ను లాక్ చేయండి. హెచ్‌డీఆర్, నైట్ మోడ్, బ్యూటీ అన్నీ ఆపాలి. వేలితో తెర నొక్కితే ఫోను కదులుతుంది, బ్లూటూత్ రిమోట్‌తో నొక్కండి. ముందు ఫ్రేమును పల్చగా చూపే స్టాప్ మోషన్ స్టూడియో లాంటి యాప్ ఉంటే బొమ్మ ఎంత జరిగిందో కనబడుతుంది. నల్ల చొక్కా వేసుకోండి, ప్రతి ఫొటోకూ ఒకే చోట నిలబడండి. తెల్ల చొక్కా కూడా ఒక లైటే.

ఎండకాలం నల్లగొండలో 44 డిగ్రీలు దాటే రోజుల్లో క్లే మెత్తబడి జారుతుంది. ఫ్యాను వేస్తే వెంట్రుకలు ఎగురుతాయి, వేయకపోతే ఫోను వేడెక్కి ఆగిపోతుంది. తెల్లవారుజామున, కిటికీలకు నల్లబట్ట కట్టి తీయడమే దారి.

పాత్రను విడిగా కోసుకోవడానికి వెనక ఆకుపచ్చ చార్టు పెట్టండి, కనీసం 50 సెంటీమీటర్ల దూరంలో. దగ్గరైతే పచ్చదనం చెంపల మీద పడుతుంది. అంచులు కత్తెరతో కత్తిరించినట్టు గరుకుగా వచ్చినా ఈ ఆటకు నష్టం లేదు, నునుపు చేయడానికి కష్టపడొద్దు.

భయం ఎక్కడి నుంచి

చేత్తో జరిపిన బొమ్మ ఎంత జాగ్రత్తపడ్డా సన్నగా వణుకుతుంది. దాన్ని లోపమనుకుని దాచేవాళ్లు ఎక్కువ. ఈ ఆట మొత్తానికి అదే పెట్టుబడి. ఏది వణకాలి, ఏది వణకొద్దు అనేది మీ చేతిలో ఉంది.

ఆట మొదట్లో మనిషి ఒక్కడే వణకాలి. నిలబడ్డ ఫ్రేములు ఆరింటికీ బొమ్మను కాస్త ముట్టి వదలండి, సెకనుకు 6 చొప్పున ఆడించండి. గది, పైపు, స్టార్టర్ డబ్బా ఒక్కొక్క ఫొటోతో నిశ్చలంగా ఉండాలి. స్టార్టర్ నొక్కాక దీన్ని తిరగేయండి. గోడకు మూడు ఫొటోలు తీసి, ప్రతిసారి మట్టి కాస్త అద్ది, వాటిని మార్చి మార్చి చూపించండి. మనిషి మాత్రం ఒకే ఫ్రేము మీద బిగుసుకుపోవాలి. ఎక్కడ తేడా వచ్చిందో ఆడేవాళ్లకు చప్పున అంతుపట్టదు, కానీ గుండె గుబగుబలాడుతుంది.

రెండో ఎత్తు నీడ. నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దు కదిలినా గర్భగుడిలో స్తంభం నీడ కదలదు. స్తంభాల అమరిక, వేర్వేరు దిక్కుల నుంచి వచ్చే వెలుతురు కలిసి దాన్ని నిలబెడతాయి. గుడిని ఆటలోకి లాగక్కర్లేదు, ఆ సూత్రం చాలు. బొమ్మకూ తెల్ల చార్టుకూ ఒకవైపు దీపం పెట్టి నీడను మాత్రమే విడిగా ఫొటోలు తీయండి. గేమ్ ఇంజిన్‌లో, అంటే ఆటను కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, ఆ నీడ పొరకు మల్టిప్లై పద్ధతి పెడితే తెలుపు మాయమై నలుపే నేల మీద మిగులుతుంది. చార్టు పూర్తిగా తెల్లబడేదాకా ఫొటో వెలుగు పెంచండి, లేకుంటే నీడ చుట్టూ బూడిదరంగు డబ్బా కనబడుతుంది. ఇక మనిషి చేతిలో కందీలు అటూ ఇటూ తిరిగినా నీడను ఒకే దిక్కున ఉంచండి. చివరి గదిలో మనిషి ఆగాక నీడ ఇంకో రెండు ఫ్రేములు నడవాలి. రెండే. నాలుగైతే నవ్వొస్తుంది.

ఇంజిన్‌లో

ఉచితంగా దొరికే గోడాట్ అనే ఇంజిన్ సరిపోతుంది. పాత్రకు, ఫ్రేములను వరుసగా ఆడించే యానిమేటెడ్ స్ప్రైట్ నోడ్ వాడి వేగం 12 పెట్టండి (నిలబడ్డదానికి మాత్రం 6), మామూలుగా అది 5 ఉంటుంది. ఫ్రేములన్నీ ఒకే కొలతతో, ఒకే చోట కత్తిరించాలి. ఒక్కొక్కటి విడిగా కత్తిరిస్తే పాదం ఎగిరెగిరి పడుతుంది. మెమరీ లెక్క కూడా చూసుకోండి. 256×400 ఫ్రేము ఒకటి దాదాపు 0.4 ఎంబీ, 136 ఫ్రేములకు 55 ఎంబీ. అదే 1024×1600 ఉంచితే పదహారింతలు, మామూలు ఫోను మోయలేదు.

అందరూ తడబడేది నడక దగ్గర. బొమ్మ 19 సెంటీమీటర్లు తెర మీద 380 పిక్సెళ్లయితే, సెంటీమీటరుకు 20. నడక 8 ఫ్రేముల్లో సెట్టు మీద 8 సెంటీమీటర్లు సాగితే, ఫ్రేముకు 20 పిక్సెళ్లు. పాత్రను సెకనుకు 240 చొప్పున నున్నగా జరిపితే కాలు నేల మీద జారినట్టుంటుంది, ఎందుకంటే బొమ్మ 12 సార్లే మారుతుంది, తెర 60 సార్లు. ఫ్రేము మారినప్పుడు వచ్చే సిగ్నల్‌కు కట్టి, ఆ క్షణంలోనే 20 పిక్సెళ్లు ముందుకు తోయండి. తెరను కూడా పాత్ర వెంట జరపొద్దు, గది మారితే ఒక్కసారిగా మార్చేయండి. ఎడమకు నడిచేటప్పుడు బొమ్మను అద్దంలోలా తిప్పితే వెలుగు దిక్కు కూడా తిరిగిపోతుంది. ప్రధాన లైటు ఎదురుగా పెట్టి తీసి ఉంటే ఈ బాధ లేదు.

శబ్దానికి అసలు స్టార్టర్ టక్కుమనే చప్పుడు, మోటరు మోత రికార్డు చేయండి. మోత ఆగకుండా తిరగాలంటే ఆగ్ (.ogg) ఫైలు వాడండి, ఎంపీ3 మొదట్లో చిన్న ఖాళీ మిగిలి ప్రతి చుట్టుకూ ఎక్కిళ్లు వచ్చినట్టుంటుంది.

ఆటను ఇచ్ డాట్ ఐఓ అనే ఆటల సైటులో పెడితే బ్రౌజర్‌లోనే ఆడతారు, కానీ తెర మీద ఒకసారి ముట్టేదాకా బ్రౌజర్ శబ్దం రానివ్వదు. మొదటి తెర మీద స్టార్టర్ డబ్బా ఆకుపచ్చ బటన్ ఒక్కటే పెట్టండి. అది నొక్కగానే మోత మొదలవుతుంది.