ఇంటి తాళం చేతికిచ్చే ముందు: తిరుపతిలో బాడుగకు ఇచ్చేవాళ్ళకు కొన్ని జాగ్రత్తలు

మే నెల సగం దాటిందంటే తిరుపతిలో వీధికి నాలుగు గేట్లకు టు-లెట్ బోర్డులు కనిపిస్తాయి. స్కూళ్ళు, కాలేజీలు తెరిచేలోగా, ఆషాఢం రాకముందే సామాను దించుకోవాలని అందరూ ఒకేసారి ఇళ్ళ కోసం తిరుగుతారు. ఈ రెండు మూడు వారాల్లో ఎవరూ కుదరకపోతే శ్రావణం దాకా పోర్షన్ ఖాళీగా ఉండిపోతుందేమోనని ఓనరుకు టెన్షన్. తప్పులన్నీ ఆ తొందరలోనే జరుగుతాయి. రెండు నెలలు ఖాళీగా ఉంటే పోయేది రెండు నెలల బాడుగ. కుదరని మనిషిని తెచ్చిపెట్టుకుంటే పోయేది ఏడాది నిద్ర.

మాది కొర్లగుంట. కింద మేముంటాం, మిద్దె మీద రెండు పోర్షన్లు. కొన్నేళ్ళ కిందట ఒకాయన వచ్చి, 'ఫ్యామిలీ సార్, నలుగురమే' అన్నాడు. మాట తీరు బాగుంది, మూడు నెలల అడ్వాన్స్ లెక్కపెట్టి ఇచ్చాడు. నేను ఇంకేమీ అడగలేదు. బ్రహ్మోత్సవాల వారంలో మెట్ల మీద రోజుకో కొత్త ముఖం, చేతిలో సూట్‌కేసులు, గుండ్లు చేయించుకొచ్చిన పిల్లలు. విచారిస్తే తెలిసింది, మా పోర్షన్‌ను రోజువారీ లెక్కన యాత్రికులకు ఇస్తున్నాడు. గట్టిగా అడిగిన నెల నుంచి బాడుగ ఆపేశాడు. ఐదో నెలలో నాకు కోపం ఆగక పైకి వెళ్ళే నీళ్ళ వాల్వు తిప్పేశాను. ఆయన పోలీసులను పిలిచాడు. వచ్చిన ఎస్సై నన్నే మందలించాడు. నా ఇంట్లో నేను దోషిలా నిలబడ్డాను, కానీ నేను చేసింది తప్పే. ఇది చదివేవాళ్ళు ఎవరూ ఆ చోటికి రాకూడదని రాస్తున్నాను.

మన ఊళ్ళో అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ఈ యాత్రికుల బాడుగ సంగతే. ఆస్తి బదిలీ చట్టం (1882) 108వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వద్దని రాసుకోకపోతే బాడుగకు ఉన్నవాళ్ళు ఇంకొకరికి తిరిగి ఇచ్చుకోవచ్చు. చాలామందికి ఇది తెలియదు. నాకూ తెలియదు. అందుకే అగ్రిమెంట్‌లో 'ఇతరులకు తిరిగి బాడుగకు ఇవ్వరాదు, రోజువారీ లేదా వారం లెక్కన ఎవరినీ ఉంచరాదు, నివాసానికి తప్ప వాడరాదు' అని విడిగా ఒక వాక్యం ఉండాలి. ఎంతమంది ఉంటారో సంఖ్య, పేర్లతో సహా రాయండి. కరెంటు విషయం కూడా ఉంది. ఇంటి కేటగిరీ సర్వీసును వ్యాపారానికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటుతో బిల్లు వేసే వీలుంది. మీటరు మీ పేరున ఉంటే ఎస్పీడీసీఎల్ వాళ్ళు మొదట అడిగేది మిమ్మల్నే. పోర్షన్‌కు ఒక మీటరు విడిగా పెట్టించుకోండి. ఖర్చే అయినా, ఆ తర్వాత నెలనెలా వచ్చే సగం గొడవలు తప్పిపోతాయి.

వచ్చినవాళ్ళ గురించి విచారించేటప్పుడు ఇప్పుడు ఉంటున్న ఇంటి ఓనరును అడిగితే సరిపోదు. వాళ్ళను ఎలాగైనా పంపించాలని చూస్తున్న మనిషి 'చాలా మంచివాళ్ళు సార్' అనే చెబుతాడు. అంతకుముందున్న ఇంటి ఓనరుకు ఫోన్ చేయండి, ఆయనకు దాచే అవసరం ఉండదు. 'బాడుగ సరిగా కట్టారా' అని కాదు, 'ఖాళీ చేసేటప్పుడు ఎలా వెళ్ళారు' అని అడగండి. ఉద్యోగం ఎక్కడో, అక్కడ నిజంగా ఉన్నారో లేదో చూసుకోండి. ఆధార్ కాపీ తీసుకుని, వివరాలు పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి.

కాలేజీ పిల్లలకు ఇస్తే తల్లిదండ్రుల్లో ఒకరు వచ్చి సంతకం పెట్టాలి. పిల్లల మీద అనుమానంతో కాదు. నలుగురిలో ఇద్దరు మధ్యలో వెళ్ళిపోతే మిగిలిన ఇద్దరు పూర్తి బాడుగ ఎక్కడ తెస్తారు? ఆ మాట ముందే పెద్దవాళ్ళతో అనుకోవాలి. స్విమ్స్‌కో, రుయాకో, బర్డ్‌కో వైద్యానికి వచ్చి ఒకటి రెండు నెలలకు ఇల్లు అడిగే కుటుంబాలు ఉంటాయి. వాళ్ళను కాదనకండి, కాకపోతే ఏ తేదీ దాకానో కాగితం మీద ఉండాలి.

అగ్రిమెంటు సంగతికి వస్తే, '11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు' అనే మాట ఊరంతా చెబుతారు. రిజిస్ట్రేషన్ చట్టంలో ఏడాది దాటిన లీజుకే అది తప్పనిసరి అని ఉండేది. మన రాష్ట్రంలో మాత్రం 1999 నాటి సవరణతో ఆ మినహాయింపు పోయింది. రిజిస్టర్ చేయకుండా నోటరీతో సరిపెట్టిన కాగితం, ఏ కాగితమూ లేకపోవడం కన్నా మేలే, కానీ కోర్టు దాకా వెళ్తే దాని షరతుల మీద అవతలి వకీలు అభ్యంతరం చెబుతాడు. పెద్ద బాడుగ అయినా, షాపుకు ఇస్తున్నా రిజిస్టర్ చేయించుకోవడమే మంచిది.

తాళం ఇచ్చే రోజు ఇల్లంతా ఫోన్‌లో వీడియో తీయండి, బాడుగకు వచ్చేవాళ్ళను పక్కన పెట్టుకునే తీయండి. ఫ్యాన్లు, గీజరు, కుళాయిలు, సింకు, గోడల మరకలు, మీటరు రీడింగు. ఆ రోజే వాళ్ళ వాట్సాప్‌కు పంపండి. బాడుగ బ్యాంకులోకో, యూపీఐలోకో రానివ్వండి. నగదు ఇస్తే రసీదు ఇవ్వండి, కౌంటర్‌ఫాయిల్ మీద వాళ్ళ సంతకం ఉండాలి.

మొదటిసారి బాడుగ ఆలస్యమైతే పదో తేదీ లోపల వెళ్ళి కూర్చుని మాట్లాడండి. ఫోన్‌లో కాదు, మెట్ల మీద నిలబడీ కాదు. 'ఏమయింది నాయనా, ఇబ్బందిగా ఉందా' అని అడిగితే, నిజంగా కష్టంలో ఉన్న మనిషి కారణం చెప్పి తేదీ చెబుతాడు, ఆ తేదీకి సగమైనా తెస్తాడు. అలాంటి కుటుంబానికి ఒక నెల ఓపిక పట్టడం మన ధర్మం. ఎగ్గొట్టాలనుకున్న మనిషి తేదీ చెప్పడు. 'అడ్వాన్స్‌లో పట్టుకోండి సార్' అంటాడు. ఇంతకన్నా ప్రమాదమైన మాట ఇంకోటి లేదు. అడ్వాన్స్ అయిపోయాక ఆ మనిషికి ఖాళీ చేయాల్సిన అవసరమే కనిపించదు. కరెంటు బాకీ, సున్నం, పగిలిన కుళాయి అన్నీ మీ మీదే. ఒక్క నెల కూడా ఒప్పుకోకండి.

మాటలతో కుదరకపోతే నోటీసు. నెలవారీ బాడుగ అయితే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. వకీలుతో రాయించి, పోస్టులో పంపి, రసీదు, ట్రాకింగ్ వివరాలు దాచుకోండి. తీసుకోవడానికి నిరాకరించారని కవరు తిరిగొస్తే దాన్ని విప్పకండి, అలాగే వకీలుకు ఇవ్వండి. దాని మీదున్న పోస్టుమ్యాన్ రాతే మీకు సాక్ష్యం. నోటీసు గడువు ముగిశాక బాడుగ తీసుకుంటే మీరే నోటీసు వదులుకున్నారని అదే చట్టం 113వ సెక్షన్ కింద వాదించే వీలుంది, కాబట్టి ఆ డబ్బు ఏ పేరుతో తీసుకోవాలో వకీలును అడిగాకే తీసుకోండి.

నీళ్ళు ఆపడం, కరెంటు తీయించడం, వాళ్ళు ఊరెళ్ళినప్పుడు తాళం మార్చడం, సామాను బయట పెట్టడం, 'సెటిల్ చేస్తాం' అనేవాళ్ళను పంపడం, వీటిలో ఏ ఒక్కటీ చేయకండి. చట్టప్రకారం కాకుండా ఖాళీ చేయిస్తే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపల వాళ్ళు కోర్టుకు వెళ్ళి తిరిగి లోపలికి రావచ్చు. అక్కడ ఇల్లు ఎవరిదనే ప్రశ్నే రాదు, ఎవరు ఎవరిని ఎలా బయటికి పంపారన్నదే చూస్తారు. అన్నాళ్ళూ బాధపడ్డ మనిషి ఒక్క రోజు కోపంతో తప్పు తన మీద వేసుకుంటాడు.

ఇంకో భయం కూడా చాలామందికి ఉంది, పన్నెండేళ్ళు ఉంటే ఇల్లు వాళ్ళదైపోతుందని. బాడుగ కడుతూ ఉన్నవాళ్ళకు అలా హక్కు రాదు. స్వాధీనం కోసం దావా వేసే 12 ఏళ్ళ గడువు బాడుగ ఒప్పందం ముగిసిన రోజు నుంచి మొదలవుతుంది. కాబట్టి రసీదులు క్రమంగా ఉన్న ఓనరు ఆ భయంతో మంచి కుటుంబాన్ని రెండేళ్ళకోసారి మార్చనక్కర్లేదు.

కేసు వేసేముందు లోక్ అదాలత్‌ను మరిచిపోకండి. న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెడితే కేసు వేయకముందే ఇద్దరినీ పిలుస్తారు. కోర్టు ఫీజు లేదు. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీకి ఉన్నంత విలువ ఉంది, దాని మీద అప్పీలు ఉండదు. ఒంటరిగా ఇల్లు చూసుకునే ఆడవాళ్ళు, ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం అడగవచ్చు. నా గొడవ చివరికి రాజీతోనే తీరింది. రెండు నెలల బాడుగ వదులుకున్నాను, ఆయన తేదీ రాసిచ్చి ఆ తేదీకి వెళ్ళాడు.

ఖాళీ చేసే రోజు మళ్ళీ వీడియో, మళ్ళీ మీటరు రీడింగు. అడ్వాన్స్‌లో దేనికెంత పట్టుకున్నారో కాగితం మీద రాసి, మిగిలింది ఆ రోజే ఇచ్చేయండి. కొందరు ఒక గదికి తాళం వేసి, 'అన్నా, రెండు బీరువాలే, వారంలో తీసుకెళ్తాం' అంటారు. ఆ గది ఖాళీ అయ్యి, తాళాలన్నీ చేతికొచ్చి, 'ఇల్లు ఓనరుకు స్వాధీనం చేశాను' అని సంతకం పడేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.