తొలకరి పడకముందే సున్నం నేలల్లో చూసుకోవాల్సినవి

వానలకి ఇంకా నెల నెలన్నర టైం ఉంది కదా అని ఆగే వాళ్ళ కోసమే ఇది రాస్తున్నా, ఎందుకంటే ఈ నేలల్లో తొలకరి పడ్డాక సరిదిద్దుకోగలిగేది చాలా తక్కువ, ముందు చేసుకున్నదే పంటకి దక్కుతుంది. వాన తక్కువ పడే మైదానాల్లో గరప నేల, చేత్తో పట్టుకుంటే అటు ఇసుకా కాదు ఇటు బంకా కాదు, మెత్తగా పొడిపొడిగా చూడ్డానికి చాలా మంచి నేలలా ఉంటుంది, కానీ అడుగో రెండడుగులో తవ్వితే తెల్లటి సుద్ద పొరో గోళీకాయలంత సున్నపు గడ్డలో తగుల్తాయి. మీది అలాంటి నేల అయితే వేరే నేలల వాళ్ళకి పనిచేసిన సలహాలు కొన్ని మీకు పనిచెయ్యవు, కొన్ని నష్టం కూడా చేస్తాయి.

ముందు ఆ సున్నం (కాల్షియం కార్బొనేట్) అక్కడికి ఎలా వచ్చిందో కొంచెం తెలుసుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. వాన బాగా పడే చోట నేలలో సున్నం కరిగి నీళ్ళతో పాటు లోతుకి దిగి వెళ్ళిపోతుంది. మన దగ్గర అంత వాన లేదు, నీరు ఎంత లోతు దిగితే సున్నం అంతవరకే దిగుతుంది, ఆ నీటిని వేర్లూ ఎండా లాగేసుకోగానే సున్నం అక్కడే మిగిలిపోతుంది, ఇలా వేల ఏళ్ళు జరిగేసరికి కింద ఒక తెల్ల పొర తయారవుతుంది, కొన్ని చోట్ల అది గునపం దిగనంత గట్టిపడుతుంది. ఈ సున్నం వల్లే నేల పీహెచ్, అంటే ఆమ్ల క్షార గుణాన్ని చెప్పే అంకె, 7.5 నుంచి 8.5 మధ్య ఉంటుంది, ఎక్కువగా 8.2 అటూ ఇటూ నిలబడి అక్కడి నుంచి కదలదు. ఆ పీహెచ్ దగ్గర భాస్వరం, జింకు, ఇనుము, మాంగనీస్ నేలలో ఉన్నా మొక్కకి అందే రూపంలో ఉండవు. అందుకే ఇక్కడ ఎన్ని బస్తాలు వేశాం అన్నదాని కన్నా ఎప్పుడు వేశాం, ఎక్కడ పెట్టాం అన్నదే పంటని తేలుస్తుంది. నేను చెప్పదలుచుకుంది మొత్తం ఇదే.

మొదటి పని, గుంత తవ్వి చూడండి. పొలంలో ఎత్తుగా ఉన్న చోట ఒకటి, పల్లంలో ఒకటి, మీటరు లోతు సరిపోతుంది. ఒక పక్క గోడని కత్తితో గీకి శుభ్రం చేసి పై నుంచి కిందికి మట్టి రంగు ఎక్కడ మారుతోందో, తెల్ల మచ్చలు ఎక్కడ మొదలవుతున్నాయో, వేర్లు ఎంతవరకు దిగి పక్కకి తిరిగిపోయాయో చూస్కోండి. తర్వాత పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్, 10 శాతం ద్రావణం, ఒక్కో లోతు మట్టి మీద రెండు చుక్కలు వెయ్యండి. చెవి దగ్గర పెడితేనే చిటచిట వినపడి కంటికి ఏమీ కనపడకపోతే సున్నం 2 శాతం లోపే, బుడగలు కంటికి కనపడితే 2 నుంచి 10 శాతం మధ్య, నురగలా పొంగితే అంతకన్నా ఎక్కువే అని ఒక అంచనా. యాసిడ్ దొరక్కపోతే వెనిగర్ వాడొచ్చు కానీ చాలా నీరసంగా పొంగుతుంది. యాసిడ్‌ని పలచన చేసేటప్పుడు నీళ్ళలోకి యాసిడ్ పొయ్యాలి, యాసిడ్‌లోకి నీళ్ళు పొయ్యకూడదు, కళ్ళద్దాలు గ్లౌజులు వేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఈ గుంత ఎందుకంత ముఖ్యమో నాకు పంట పోయాక తెలిసింది. మా చేలో ఒక మూల కొంచెం మిట్టగా ఉండేది, నీళ్ళు సమంగా పారట్లేదని ఎండాకాలంలో ట్రాక్టర్ బ్లేడు పెట్టి ఆ మిట్టని గీకి పల్లం వైపు తోసేశాం, చదునైన చేను చూసి అందరం సంతోషపడ్డాం. వానలకి వేరుశనగ వేస్తే ఇరవై రోజులకి ఆ మూల మొత్తం లేతాకులు నిమ్మపండు రంగులోకి మారిపోయాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి, పచ్చ మొక్కలకీ పసుపు మొక్కలకీ మధ్య గీత సరిగ్గా బ్లేడు ఆడిన మేర ఉంది. పైనున్న అడుగు మంచి మట్టి మొత్తం తీసేసి కింద సుద్ద పొరలో విత్తనం పెట్టామన్నమాట. ఆ మచ్చ పోవడానికి ఏళ్ళు పట్టింది, పశువుల ఎరువు వేస్తూనే ఉన్నాం. కాబట్టి చదును చెయ్యక తప్పదంటే ముందు పై మట్టిని పక్కకి తీసి కుప్ప పోసుకోండి, కింది మట్టిని సర్దాక మళ్ళీ పై మట్టిని పైనే పరవండి. లోతు దుక్కి కూడా అంతే, తెల్ల పొర అడుగు లోపలే ఉంటే మట్టిని తిరగేసే పెద్ద నాగలి వద్దు, కింద గట్టి పొరని పగలగొట్టాలనుకుంటే మట్టిని తిరగెయ్యకుండా నిలువుగా చీల్చే సబ్‌సాయిలర్ వాడండి.

మట్టి పరీక్షకి పంపేటప్పుడు ఒక మాట అడగండి. భాస్వరం ఓల్సెన్ పద్ధతిలో చూస్తున్నారా అని. బ్రే పద్ధతి ఆమ్ల నేలల కోసం ఉన్నది, దాంట్లో వాడే ద్రావణాన్ని సున్నం పాడుచేసేస్తుంది కాబట్టి ఆ అంకె మనకి ఉపయోగపడదు. జింకు, ఇనుములకి డీటీపీఏ పద్ధతి, అందులో జింకు 0.6 పీపీఎం (కిలో మట్టికి అన్ని మిల్లీగ్రాములు) కన్నా తక్కువ, ఇనుము 4.5 పీపీఎం కన్నా తక్కువ వస్తే లోపం ఉన్నట్టు లెక్క. పీహెచ్ 8.5 దాటి వస్తే మాత్రం ఆగండి, అది ఒట్టి సున్నం పని కాదు, సోడియం చేరి కారు చౌడుగా మారుతోందని అర్థం, దానికి వైద్యం వేరు, జిప్సం అక్కడ పనికొస్తుంది. మామూలు సున్నం నేలకి జిప్సం వేసినా పీహెచ్ తగ్గదు, చాలామంది ఈ రెండిటినీ కలిపేసి డబ్బులు పోగొట్టుకుంటున్నారు.

ఇంకొకటి, గంధకం నేలలో ఆమ్లంగా మారుతుంది కదా, అది వేసి సున్నం మొత్తం విరిచేద్దాం అని ఎవరైనా అంటే ఒక్కసారి లెక్క వేస్కోండి. హెక్టారు నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 20 లక్షల కిలోలు. అందులో సున్నం 1 శాతం అంటే 20 టన్నులు. దాన్ని కరిగించడానికి 6.4 టన్నుల గంధకం కావాలి. 5 శాతం సున్నం ఉంటే 32 టన్నులు! అది అయ్యే పని కాదు. చాళ్ళలోనో చెట్టు పాదులోనో కొద్దిగా వేస్తే వేరు చుట్టూ ఆ కాస్త మేర కొన్నాళ్ళు పనిచేస్తుంది, అంతవరకు మంచిదే, పొలం మొత్తాన్ని మార్చాలని మాత్రం చూడొద్దు.

దాని బదులు పశువుల ఎరువు, పచ్చిరొట్ట. ఈ నేలల్లో ఎండకి సేంద్రియ పదార్థం త్వరగా హరించుకుపోతుంది, అది తగ్గేకొద్దీ మట్టి రేణువుల్ని కలిపి పట్టుకునేది లేకుండా పోతుంది. బాగా చివికిన ఎరువుని వానలకి రెండు మూడు వారాల ముందు తోలి వెంటనే దున్నెయ్యండి, కుప్పలుగా వదిలేస్తే నత్రజని ఎండలోనే పోతుంది.

ఇప్పుడు యూరియా. ఈ ఒక్కదాని గురించి ఎంత చెప్పినా తక్కువే. యూరియా నేలని తాకి తడి తగలగానే నేలలో ఉండే యూరియేజ్ అనే ఎంజైమ్ దాన్ని అమ్మోనియం కార్బొనేట్‌గా మారుస్తుంది, మన నేల పీహెచ్ ముందే ఎక్కువ కాబట్టి అది అమ్మోనియా గ్యాస్ అయ్యి గాల్లో కలిసిపోతుంది. అన్నిటికన్నా చెడ్డ పరిస్థితి ఏంటంటే చిన్న జల్లు పడి నేల తడిసింది కదా అని పైపైన చల్లెయ్యడం, ఆ తడి యూరియాని కరిగించడానికి సరిపోతుంది కానీ లోపలికి దించడానికి సరిపోదు, ఆ మర్నాడు ఎండా గాలీ కొడితే ఇక అంతే. పొద్దున్నే మంచు తడి మీద చల్లడమూ అలాంటిదే. చల్లాల్సి వస్తే 10 నుంచి 15 మిల్లీమీటర్ల వాన ఖాయంగా ఉన్నప్పుడు దానికి ముందు చల్లండి, లేదంటే చల్లిన రోజే తడి పెట్టండి, రెండూ కుదరకపోతే చాళ్ళ పక్కన గీత తీసి 5 సెంటీమీటర్ల లోతులో వేసి మట్టి కప్పండి. అమ్మోనియం సల్ఫేట్ ఆమ్ల గుణం ఉన్నది కదా దానికి ఈ బాధ ఉండదులే అనుకుంటారు, నిజానికి సున్నం నేల పైన చల్లితే అందులో సల్ఫేటు సున్నంలోని కాల్షియంతో కలిసిపోయి అమ్మోనియా విడిపోతుంది, దాన్నీ మట్టిలో కప్పాల్సిందే. నత్రజని మొత్తం ఒకేసారి వేసేయకుండా రెండు మూడు దఫాలుగా పెట్టుకుంటే ఒక దఫా పోయినా ఇంకోటి దక్కుతుంది.

భాస్వరం సంగతి వేరే, అది గాల్లోకి పోదు, సున్నంతో కలిసి నేలలోనే రాయిలా మారిపోతుంది. వెదజల్లి కలియదున్నితే మట్టిలో ప్రతి రేణువుతో కలిసి త్వరగా బిగుసుకుపోతుంది, అదే విత్తనం చాలు పక్కన ఒక వరసగా పడేలా వేస్తే మట్టికి తగిలేది తక్కువ, వేరుకి దొరికేది ఎక్కువ. గొర్రుతో ఎరువు, విత్తనం ఒకేసారి వేసే వాళ్ళు విత్తనానికి 5 సెంటీమీటర్లు పక్కకీ 5 సెంటీమీటర్లు కిందికీ ఎరువు పడేలా ముందే సెట్ చేస్కోండి, డీఏపీ విత్తనాన్ని ఆనుకుని పడితే ఈ పీహెచ్‌లో విడుదలయ్యే అమ్మోనియాకి లేత వేరు మాడిపోతుంది, మొలక శాతం పడిపోతే అందరూ విత్తనాన్నే తిడతారు కానీ ఒకసారి తవ్వి వేరు కొస చూడండి, గోధుమ రంగులో కాలినట్టు ఉంటుంది.

జింకు సల్ఫేట్ ఆఖరి దుక్కిలో హెక్టారుకి 25 నుంచి 50 కిలోలు వేసుకుంటే రెండు మూడు పంటలకి ఉంటుంది. భాస్వరం ఎరువుతో కలిపి ఒకే బస్తాలో మాత్రం వెయ్యకండి, రెండూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, మధ్యలో కొన్ని రోజులు తేడా ఇవ్వండి.

విత్తేటప్పుడు అదును ఒక్కటే చూసి పదును మర్చిపోవద్దు. పిడికెడు మట్టి నొక్కి వదిలితే ముద్ద నిలబడాలి, బొటనవేలితో తోస్తే విరిగి పొడవ్వాలి, అప్పుడు చేలోకి దిగండి. తడి ఎక్కువుండగా దిగితే టైరు కింద గట్టి పొర కడుతుంది, మరీ పొడిగా ఉన్నప్పుడు పదేపదే దున్ని పిండి చేసేస్తే ఇంకో ప్రమాదం, ఎందుకంటే ఈ గరపలో సన్నటి ఒండ్రు రేణువులు ఎక్కువ, పెద్ద చినుకు కొట్టగానే అవి చెదిరి రంధ్రాల్ని పూడ్చేస్తాయి, రెండు రోజులు ఎండ కాస్తే పైన అట్ట కట్టేస్తుంది. ఆ పెచ్చు వేలితో ఎత్తి చూస్తే కింద మొలక పైకి రాలేక పసుపు రంగులో మడత పడి ఉంటుంది, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే చిన్న చిన్న బెడ్డలు కొన్ని పైన మిగిలేలా ఆపెయ్యండి, సన్న విత్తనాలు 2, 3 సెంటీమీటర్లకి మించి లోతు వద్దు, చాళ్ళు వాలుకి అడ్డంగా వెయ్యండి, పాత పంట మోళ్ళు చెత్త ఉంటే తగలబెట్టకండి, చినుకు దెబ్బని ముందు అదే ఆపుతుంది. అయినా అట్ట కట్టిందంటే మొలక బయటికి రాకముందే తేలిగ్గా దంతి లాగండి, లేదా నీటి వసతి ఉంటే తుంపర్లతో ఆ పెచ్చుని మెత్తగా ఉంచండి.

వాన పట్టుకుని నాలుగైదు రోజులు ముసురు పెట్టాక చేను పసుపు తిరిగితే కంగారుపడి యూరియా వెయ్యకండి. నత్రజని లోపం అయితే కింది ముసలి ఆకుల దగ్గర మొదలవుతుంది, ఇనుము లోపం పైన లేతాకుల్లో, ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతుంది. తడి ఎక్కువై నేలలో గాలి ఆడనప్పుడు బైకార్బొనేటు పెరిగి ఇనుము అస్సలు అందదు, కాబట్టి మొదటి మందు నీళ్ళు బయటికి తీసెయ్యడమే, దానికి కాలవలు వానలకి ముందే తీసి పెట్టుకోవాలి. రెండోది లీటరు నీళ్ళకి 5 గ్రాముల అన్నభేది (ఐరన్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ, వారం పది రోజుల తేడాతో రెండు మూడు సార్లు. ద్రావణం లేత ఆకుపచ్చగా తేటగా ఉండాలి, తుప్పు రంగులోకి తిరిగితే పారబోసి కొత్తది కలపండి. అన్నభేదిని నేలలో వేస్తే కొన్నాళ్ళకే తుప్పుగా మారి మొక్కకి అందకుండా పోతుంది. నేలకే ఇవ్వాలంటే చీలేట్, అంటే ఇనుము బిగుసుకుపోకుండా పట్టి ఉంచే మందు, కొనేటప్పుడు డబ్బా మీద పేరు చదవండి, ఈడీటీఏ రకం ఈ పీహెచ్‌లో నిలవదు, ఈడీడీహెచ్‌ఏ రకం నిలుస్తుంది, ఖరీదు ఎక్కువ కాబట్టి పండ్ల చెట్లకి వాడుకుంటే సరి. వేరుశనగ, సోయా, నిమ్మ, బత్తాయి ఈ లోపానికి త్వరగా లొంగుతాయి, సున్నం ఎక్కువున్న మడిలో బార్లీ, పత్తి లాంటివి తట్టుకుంటాయి.

డ్రిప్ ఉన్నవాళ్ళు లైన్ల చివర మూతలు తీసి ఇప్పుడే ఒకసారి కడగండి, డ్రిప్పర్ మూతి దగ్గర తెల్లటి చార కనపడితే నీళ్ళలో కూడా సున్నం ఉన్నట్టే, యాసిడ్ ట్రీట్‌మెంట్ వానలకి ముందే అయిపోవాలి. ఆ నీళ్ళతో కాల్షియం ఎరువూ భాస్వరం ఎరువూ కలిపి ఒకే ట్యాంకులో పొయ్యకండి, పాలు విరిగినట్టు విరిగి గొట్టాలు మూసుకుపోతాయి.

ఇక కలుపు మందు. సల్ఫోనైల్ యూరియా రకం మందులు (పేరులో యూరియా ఉన్నా ఎరువు కాదు) పీహెచ్ ఎక్కువున్న నేలలో చాలా నెమ్మదిగా విరుగుతాయి, వాన తక్కువైన ఏడాది ఇంకా నెమ్మది, కిందటి పంటకి కొట్టిన మందు ఈ పంట మొలకని చంపిన సందర్భాలు ఉన్నాయి. పాత డబ్బా మీద తర్వాతి పంటకి ఎన్ని నెలలు ఆగమన్నారో చూస్కోండి, అనుమానంగా ఉంటే ఆ చేలో మట్టి ఒక కుండీలోకీ, మందు కొట్టని గట్టు మీద మట్టి ఇంకో కుండీలోకీ తీసుకుని వెయ్యబోయే విత్తనాలు పది పది నాటి మూడు వారాలు పక్కపక్కన పెట్టి చూడండి, దానికి టైం ఇప్పుడే ఉంది.