మిరపలో ముడత: మందు కొట్టినా తగ్గకపోతే

గుంటూరు మందుల కొట్ల దగ్గర ఎక్కువగా వినబడే ఫిర్యాదు ‘మందు పనిచేయలేదు’. వెంటనే అనుమానం కల్తీ మీదికి పోతుంది. కల్తీ లేదని కాదు, కానీ సీసాను తిట్టే ముందు ఆకును తిప్పి చూడండి.

ఆకు అంచులు పైకి లేచి దోనెలా ఉంటే

అది తామర పురుగు (త్రిప్స్), ఆకు రసం పీల్చే సన్నని పురుగు. ఫిప్రోనిల్ 5 శాతం మందును లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల చొప్పున, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి.

ఆకు కిందికి ముడుచుకుని బోర్లించిన దోనెలా ఉంటే

తెల్లనల్లి. కాడలు కూడా సాగుతాయి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. నల్లికి ఎనిమిది కాళ్లు. అది సాలీడు బంధువే గాని పురుగు కాదు. అందుకే ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు ఎన్నిసార్లు కొట్టినా దానికి పట్టదు. సింథటిక్ పైరిత్రాయిడ్లనే కుటుంబం మందులయితే ఇంకా చేటు: నల్లిని తినే మిత్ర పురుగులు చచ్చి, నల్లి పెరుగుతుంది. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు చాలు. మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు, ఆకు మాడుతుంది.

పూత రాలిపోతూ, పువ్వు విదిలిస్తే నల్లని నలుసులు పడితే

2021లో మన మిరప తోటలను ఊడ్చేసిన నల్ల తామర పురుగు ఇదే. పువ్వు లోపల దాక్కుంటుంది కనుక పైపై పిచికారీ దాన్ని తాకదు. భయంతో రోజు విడిచి రోజు మందు మార్చి కొట్టినవారు ఖర్చుతోపాటు పురుగునూ పెంచుకున్నారు. నీలి రంగు జిగురు అట్టలు పెట్టండి, పైరిత్రాయిడ్లు మానండి, అవసరమైతేనే స్పినోశాడ్ వంటివి లేబుల్ మోతాదులో వాడండి.

మొదట పనిచేసిన మందు మూడోసారి పనిచేయకపోతే

పురుగు తట్టుకోవడం నేర్చింది. కొట్టులో పేరు మారిస్తే చాలదు: రెండు కంపెనీల సీసాల్లో ఒకే రసాయనం ఉండవచ్చు. ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ వేర్వేరు రసాయనాలే, కానీ ఒకే కుటుంబం. పనిచేసే తీరూ ఒకటే. సీసా మీద చిన్న అక్షరాల్లో ఉండే సాంకేతిక నామం చదివి, వేరే కుటుంబానికి మారండి.

అక్కడక్కడ మొక్కలు గిడసబారి, ఆకులు చిన్నబడితే

వైరస్ కావచ్చు. వైరస్‌ను చంపే మందు ఏ కొట్టులోనూ దొరకదు. మొక్కను పీకేయండి, వైరస్‌ను మోసే తెల్లదోమను అదుపు చేయండి.

కొట్టిన మనిషికే తలనొప్పి, చెమటలు, చొంగ వస్తే

బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్లు కడిగి, 108కి ఫోను చేయండి. మందు సీసా కూడా తీసుకెళ్లండి. ఆర్గానోఫాస్ఫేట్ అనే కుటుంబం పురుగుమందుల విషానికి ఇచ్చే అట్రోపిన్ ప్రతి పురుగుమందుకూ విరుగుడు కాదు, కాబట్టి డాక్టరు ముందు అడిగేది సీసా మీది సాంకేతిక నామమే.